తెల్ల దారం మీద నల్ల పోగు

ఆ శనివారం ఉదయం పదింటికి మా ముందుగదిలో ఆరుగురు ఆడవాళ్ళు చాపలు పరుచుకుని కూర్చున్నారు. అందరి ఒళ్ళోనూ తెల్ల దారపు ఉండలున్నాయి, చేతుల్లో కొత్త క్రోషే సూదులున్నాయి. నేను జీవితంలో మొదటిసారి ఒక క్లాసు చెప్పబోతున్నాను. నా జబ్బు బయటపడింది కూడా ఆ పూటే. కాకపోతే దాన్ని జబ్బని నేను ఒప్పుకోవడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

నా పేరు సత్యవతి. మాది నరసాపురం దగ్గర ఒక పల్లె. మా వైపు ఆడవాళ్ళు వంట, అంట్లు అయ్యాక లేసు అల్లడానికి కూర్చుంటారు. ఏజెంటు దారం ఇచ్చి వెళతాడు, అల్లింది పట్టుకెళతాడు. నాకు ఎనిమిదో ఏట సూది చేతికిచ్చారు. పెళ్ళయ్యాక దోహా వచ్చేశాను. మావారు ఏసీ డక్టులు చేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఐన్ ఖాలిద్‌లో ఒక విల్లాని భాగాలు చేసి అద్దెకిస్తే, కింది భాగంలో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాం. మా అమ్మాయిని విజయవాడ కాలేజీ హాస్టల్లో చేర్చాక ఇంట్లో ఏమీ తోచక మళ్ళీ సూది పట్టుకున్నాను.

పై భాగంలో స్వరూప ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ పిల్ల, జగిత్యాల వైపు. మా బల్ల మీద లేసు గుడ్డ చూసి, "గిది మిషిన్ల చేసింది గాదా అక్కా? నువ్వే అల్లినవా?" అంది. అవునంటే నమ్మలేదు. ఆమె ముందు కూర్చుని ఒక పువ్వు అల్లి చూపించాను. మర్నాటికల్లా తన వాట్సాప్ గ్రూపులో ఐదుగురిని పోగుచేసింది. "ఎనిమిది శనివారాలు. ఇగ నువ్వు కాదనొద్దు," అంది.

చెప్పడం ఎంత కష్టమో మొదటి పది నిమిషాల్లో తెలిసింది. అల్లిక నాకు మాటల్లో రాలేదు. అమ్మ వేళ్ళు చూసి నేర్చుకున్నదాన్ని. మా ఊళ్ళో చాలా కుట్లకి పేర్లే లేవు, "ఇదిగో ఇలాగ" అనడమే. హైదరాబాదు నుంచి వచ్చిన మాధవి నోటు పుస్తకం తెరిచి, "గొలుసు ఎన్ని కుట్లు వెయ్యాలండీ?" అనడిగింది. నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. "సరిపడా వెయ్యండి," అన్నాను. అందరూ నవ్వారు. కాస్త నెమ్మదిగా చూపించమన్నారు. నెమ్మది చేస్తే నా వేళ్ళు దారి మర్చిపోయాయి. సూది ఎటు దూర్చాలో తెలియక, ఏసీ గదిలో నాకు చెమటలు పట్టాయి.

స్వరూపది ఎడమచేతి వాటం. పక్కన కూర్చుంటే ఆమెకి అంతా తిరగబడి కనిపిస్తోంది. లేచి వెళ్ళి ఆమెకి ఎదురుగా కూర్చున్నాను. "అద్దంలో చూసుకుంటున్నాననుకో. నేను కుడి చేత్తో చేసింది నువ్వు ఎడమతో చెయ్యి," అన్నాను. ఆమె పెదవి కొరుక్కుంటూ ఇరవై గొలుసు కుట్లు లాగింది. పైకెత్తి చూపిస్తూ, "వచ్చింది టీచర్!" అని అరిచింది.

నన్ను టీచర్ అని పిలిచిన మొదటి మనిషి ఆమె. పదో తరగతి తప్పినదాన్ని నేను. ఆ మాట లోపలికి దిగి కూర్చుంది.

తర్వాత మాధవి అల్లింది సరిచేద్దామని చేతిలోకి తీసుకున్నాను. తెల్ల దారం మీద సన్నటి నల్ల పోగు ఒకటి పడి ఉంది. గోటితో తీశాను, రాలేదు. మళ్ళీ తీశాను. నేను పట్టుకోబోతే అది పక్కకి జరుగుతోంది.

"టీచర్, ఏం తీస్తున్నరు? ఆడ ఏం లేదు గద," అంది స్వరూప.

నవ్వేసి దారం మాధవికి ఇచ్చేశాను. వాళ్ళు వెళ్ళాక గోడ వంక చూస్తే ఆ పోగు గోడ మీద కూడా ఉంది. కన్ను తిప్పితే తనూ తిరుగుతోంది. పక్కనే మిరియపు పొడి చల్లినట్టు చుక్కలు. మావారితో చెప్పాను. "నంబరు మారి ఉంటదిలే. అద్దాలు మార్పించుకుందాం," అన్నారు.

నాకు అప్పటికి పదకొండేళ్ళుగా షుగర్ ఉంది. రెండేళ్ళ కిందట హెల్త్ సెంటర్‌లో డాక్టరు ఇన్సులిన్ మొదలుపెట్టాలంటే భయపడి అటువైపు వెళ్ళడం మానేశాను. ఇండియా నుంచి ఎవరొస్తున్నా పాత మాత్రలే తెప్పించుకునేదాన్ని. పొద్దున్నే మెంతుల నీళ్ళు తాగేదాన్ని. ఎవరైనా అడిగితే, "నాకేం, వెంట్రుకంత దారంతో లేసు అల్లుతున్నాను," అనేదాన్ని. నా ఆరోగ్యానికి నా దగ్గరున్న రుజువు అదొక్కటే.

రెండో క్లాసయ్యాక అబూ హమూర్‌లో కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాం. నంబరు చూసిన మలయాళీ ఆవిడ, "షుగర్ హై క్యా మేడమ్? రెటీనా డాక్టర్ కో దిఖాయియే," అంది. ఆవిడ చెప్పలేదని నేను అనలేను, షుగర్ ఉంటే రెటీనా డాక్టరుకి చూపించుకోమని స్పష్టంగా చెప్పింది. నేను తలూపి కొత్త కళ్ళజోడు పెట్టుకుని వచ్చేశాను. ఎనిమిది వారాలూ అయ్యాక వెళదామనుకున్నాను. ఇప్పుడే ఆసుపత్రికి వెళితే వాళ్ళు ఏదో ఒకటి కనిపెడతారు, క్లాసు ఆగిపోతుంది. ఆరుగురు నా కోసం వస్తున్నారు. వారమంతా నేను శనివారం కోసమే బతుకుతున్నాను. ఇది చదివేవారికి తెలివితక్కువగా అనిపించొచ్చు. నాకూ అలాగే అనిపిస్తుంది.

నాలుగో క్లాసులో గుండ్రటి అల్లిక మొదలుపెట్టాం. వరస వరసకీ కుట్లు పెంచుకుంటూ వెళ్ళకపోతే అది గిన్నెలా ముడుచుకుపోతుంది. అది చూపిస్తుండగా కుడి కన్నులో సిరా బుడ్డి బోర్లా పడినట్టయింది. నల్లగా, మధ్యలో ఎర్రగా, పైనుంచి కిందికి దిగింది. మాధవి ముఖం కనిపించలేదు. నొప్పి కొంచెం కూడా లేదు.

నేను ఏం చేశానో చెప్పాలి. కుడి కన్ను మూసుకుని, ఎడమ కన్నుతో ఆ వరస పూర్తిచేసి, వచ్చే వారానికి ఏం అల్లుకురావాలో చెప్పి, అందరికీ టీ ఇచ్చి పంపించాను. ఆ తర్వాతే మావారికి ఫోన్ చేశాను.

ఎమర్జెన్సీ నుంచి కళ్ళ విభాగానికి పంపారు. చుక్కలు వేసి అరగంట కూర్చోబెట్టారు. రెటీనా డాక్టరు ఒక సూడాన్ ఆవిడ. తలకి లైటు తగిలించుకుని రెండు కళ్ళూ చాలాసేపు చూసింది.

"డయాబెటిస్ హౌ మెనీ ఇయర్స్?"

"ఎలెవెన్."

"లాస్ట్ రెటీనా చెకప్?"

నేను కళ్ళజోడు తీసి చూపించి, "టూ వీక్స్ బిఫోర్," అన్నాను.

ఆవిడ మావారి వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. "నో మేడమ్. దిస్ ఈజ్ గ్లాసెస్," అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

కాగితం మీద రాసింది ప్రొలిఫరేటివ్ డయాబెటిక్ రెటినోపతి, రెండు కళ్ళకీ. కుడివైపు విట్రియస్ హెమరేజ్. కంటి వెనక పొర మీద పుట్టకూడని రక్తనాళాలు పుట్టాయని, అవి బలహీనంగా ఉండి పగులుతాయని, కుడి కన్నులో పగిలిందని, ఎడమ కన్నులో పగలడానికి సిద్ధంగా ఉన్నాయని బొమ్మ గీసి చెప్పింది. మూడు వారాల కిందటి ఆ నల్ల పోగు మొదటి రక్తపు చార. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, ఏడు లోపు ఉండాల్సింది, పదకొండు దాటింది. ఆ రోజే ఇన్సులిన్ మొదలుపెట్టారు. రెండేళ్ళు భయపడిన సూది చీమ కుట్టినంత కూడా లేదు.

కుడి కంట్లో ఇంజెక్షన్ అన్నారు. "కంట్లోనా?" అని మూడుసార్లు అడిగాను. రెప్పలు మూతపడకుండా క్లిప్పు పెట్టి, "లుక్ అప్, డోంట్ మూవ్," అన్నారు. ఏదో ఒత్తినట్టనిపించింది, అంతలోనే, "ఖలాస్ మేడమ్, ఫినిష్," అంది ఫిలిప్పీన్స్ నర్సు. నెలకొకటి చొప్పున మూడు. ఎడమ కన్నుకి లేజర్ మూడు విడతలు. ఆకుపచ్చ మెరుపు మెరిసిన ప్రతిసారీ తల వెనక సుత్తితో కొట్టినట్టుండేది. క్లాసు ఆపేశాం. స్వరూప మాత్రం రోజూ కిందికి దిగి వచ్చి నా పక్కన కూర్చునేది. "మంచిగైతది అక్కా. మిగిలిన నాలుగు శనివారాలు నువ్వు మాకు బాకీ," అనేది.

మంచి కాలేదు. మూడో ఇంజెక్షన్ తర్వాత స్కాన్‌లో కుడి కంటి రెటీనాని లోపలి పొరలు లాగేస్తున్నాయని తేలింది. "ట్రాక్షనల్ డిటాచ్‌మెంట్. వుయ్ హావ్ టు ఆపరేట్," అంది డాక్టరు. చూపు వస్తుందా అని మావారు అడిగారు. "వుయ్ విల్ ట్రై," అంది.

విట్రెక్టమీ అని, కంటి లోపలి రక్తం, పొరలు తీసేసి, సిలికాన్ ఆయిల్ నింపారు. ఆ తర్వాత పది రోజులు తల కిందికి వంచే ఉంచాలి. తిన్నా, కూర్చున్నా, పడుకున్నా ముఖం నేలకే. మావారు సెలవు పెట్టారు. నేను మంచం అంచున బోర్లా పడుకుని టైల్స్ మీద గీతలు చూస్తూ ఉండేదాన్ని. నాతో మాట్లాడాలంటే ఆయన నేల మీద వెల్లకిలా పడుకునేవారు, నా ముఖం కింద తన ముఖం పెట్టి. ఇడ్లీ ముక్క అలా పడుకునే నా నోట్లో పెట్టేవారు. చట్నీ ఆయన మెడ మీద పడేది. ఇద్దరం నవ్వేవాళ్ళం. అంత నవ్విన రోజులు మళ్ళీ రాలేదు.

కట్టు విప్పాక కుడి కన్నుకి పొగమంచు తప్ప ఏమీ కనిపించలేదు. టైమ్ పడుతుందన్నారు. రెండు నెలలకి ఆ కన్ను ఎర్రబడి, తల పగిలే నొప్పి, వాంతులు. కంటి లోపల ప్రెషర్ విపరీతంగా పెరిగిందన్నారు. నియోవాస్క్యులర్ గ్లకోమా అని కొత్త పేరు. చుక్కల మందులు, మళ్ళీ లేజర్, అన్నీ అయ్యాక డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఫర్ దిస్ ఐ, నౌ వుయ్ ట్రీట్ ది పెయిన్. నాట్ ది విజన్," అంది. ఇంగ్లీషు నాకు పెద్దగా రాదు. ఆ ముక్క మాత్రం అనువాదం అవసరం లేకుండా అర్థమైంది.

మిగిలింది ఎడమ కన్ను. దాన్ని పసిపిల్లలా చూసుకున్నాం. షుగర్ అదుపులోకి వచ్చింది. బరువు ఎత్తలేదు, గట్టిగా దగ్గడానికి కూడా భయపడ్డాను. అయినా ఒక మధ్యాహ్నం కూర తరుగుతుంటే బెండకాయల మీద ఎర్రటి నీడ పడింది. అదీ పగిలింది. దానికీ ఆపరేషన్ చేశారు. ఈసారి రెటీనా అతుక్కుంది గాని, చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి పనికొచ్చే మధ్యభాగంలో మచ్చ మిగిలిపోయింది. చెయ్యి చాచినంత దూరంలో వేళ్ళు ఎన్నో చెప్పగలను. కిటికీ ఎటుందో తెలుస్తుంది. ఎవరో వచ్చారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. "దిస్ ఈజ్ ది బెస్ట్ వుయ్ కెన్ కీప్," అంది డాక్టరు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు ఆపరేషన్ల కంటే కష్టంగా ఉంది.

ఒకరోజు మాధవి, స్వరూప కలిసి వచ్చారు. "మీ చేతులకి కళ్ళతో పనేముందండీ? మీరు తడిమి అల్లండి, నోటితో చెప్పండి. మేము నేర్చుకుంటాం," అంది మాధవి. వద్దన్నాను. రెండు రోజులు ఆలోచించి సరేనన్నాను. మళ్ళీ శనివారం, మళ్ళీ చాపలు. ఆరుగురిలో నలుగురు వచ్చారు. సూది పట్టుకుంటే వేళ్ళకి గొలుసు కుట్టు గుర్తుంది. మా అమ్మ అల్లే పువ్వు చెప్పడం మొదలుపెట్టాను. ఈసారి లెక్కలు ముందే స్వరూప చేత రాయించి కంఠస్థం చేశాను. చెబుతుంటే ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఆపలేదు. "చాలా బాగా వచ్చిందండీ," అనేవారు. ఆ మూడు వారాలు నేను ఉదయం లేవగానే తల దువ్వుకున్నాను. ఇది చిన్న విషయం కాదు.

మూడో వారం నేను అల్లిన పువ్వు నమూనాగా ఉంచుకోమని మాధవికి ఇచ్చాను. నాలుగో వారం ఆమె, చూసి అల్లుకోవడం అయిందంటూ, దాన్ని తిరిగి నా చేతిలో పెట్టింది. ఊరికే వేళ్ళతో తడిమాను. రేకులన్నీ సమంగా ఉన్నాయి. కానీ దారం వదులుగా ఉంది. నేను దారం బిగించి అల్లుతాను. లేసు అల్లే మనిషికి తన చెయ్యి తనకి తెలుస్తుంది, చేతిరాత లాగే.

"ఇది నేను అల్లింది కాదు," అన్నాను.

"అదేనండీ, ఉతికాను, అందుకే..." అంది మాధవి.

"స్వరూపా, నువ్వు చెప్పు."

ఆమె ఏడుపు గొంతుతో, "అక్కా, మొదటి వారం సంది తప్పు పోతనే ఉన్నది. నువ్వు ఒక రంధ్రంల పెట్టాల్సింది ఇంకో రంధ్రంల పెడుతున్నవు. మేం మావి, నీ పువ్వు గూడ, ఇంటికి పోయి ఇప్పి, ఫోన్ల వీడియోలు చూసి మళ్ళ అల్లుకుంటున్నం. నీకు చెప్పబుద్ధి కాలే," అంది.

వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. వాళ్ళ స్థానంలో నేనుంటే నేనూ అదే చేసేదాన్ని. కానీ ఆ మూడు వారాలూ నాకు దక్కిన సంతోషమంతా వాళ్ళు ఇంటికెళ్ళి విప్పేసిన దారమేనని తెలిశాక, ఇక కూర్చోలేకపోయాను. "ఇంక వద్దమ్మా," అన్నాను. మాధవి నా చెయ్యి పట్టుకుంది. టీ పెట్టడానికి లేచాను గాని స్వరూపే వెళ్ళి పెట్టింది. సూదులు, దారం అన్నీ వాళ్ళకే ఇచ్చి పంపేశాను.

చూపు లేనివాళ్ళు చక్కగా అల్లుతారని చాలామంది నాకు చెప్పారు. నిజమే కావచ్చు. చిన్నప్పటి నుంచి అలా నేర్చుకున్నవాళ్ళకి వస్తుందేమో. నా వేళ్ళు కళ్ళని అడిగి పనిచేసేవని కళ్ళు పోయాకే తెలిసింది.

ఇప్పుడు మావారు ఐదున్నరకి డ్యూటీకి వెళ్ళిపోతారు. నాలుగు రకాల చుక్కల సీసాలు గుర్తుపట్టడానికి రబ్బరు బ్యాండ్లు చుట్టి పెట్టుకున్నాం. ఒకటుంటే ఒకటో మందు, రెండుంటే రెండోది. ఇన్సులిన్ పెన్ను టిక్ టిక్ మంటుంటే లెక్కపెట్టుకుంటాను. వంట ఆయన పొద్దున్నే చేసి వెళతారు. బయట ఎండ, లోపల ఏసీ చప్పుడు, సాయంత్రం దాకా అంతే. అమ్మాయి వీడియో కాల్ చేస్తే, "అమ్మా, కెమెరా వైపు చూడు," అంటుంది. చూస్తున్నాననే అనుకుంటాను. మొదట్లో రోజుకి రెండుసార్లు చెప్పేది. ఈ మధ్య చెప్పడం మానేసింది.

అలవాటైపోతుందన్నారు. ఏడాదిన్నర అయింది, కాలేదు. ఎడమ కన్ను ఎంతకాలం ఉంటుందో డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు. స్వరూప మాత్రం ఇప్పటికీ రోజూ దిగి వస్తుంది. నేను చెబుతుంటే ఇది టైపు చేస్తున్నదీ ఆమే. "గింత బాధగ రాస్తే ఎవరు చదువుతరక్కా?" అంటోంది. షుగర్ ఉన్నవాళ్ళు చదువుతారు, రాయి అన్నాను.

వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. మీకు షుగర్ ఉంటే, చూపు ఎంత శుభ్రంగా ఉన్నా సరే, ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. ఆ చుక్కలు వేశాక కొన్ని గంటలు కళ్ళు మసకగా ఉంటాయి, బండి నడపకూడదు. ఇక్కడ చాలామంది వాయిదా వేసేది దానికే. కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునే రోజే, మిమ్మల్ని తీసుకెళ్ళి తీసుకొచ్చే మనిషిని కూడా మాట్లాడి పెట్టుకోండి. లేకపోతే ఆ తారీఖు వస్తుంది, వెళుతుంది.

మావారికి నాలుగేళ్ళుగా షుగర్ ఉంది. రెండుసార్లు తారీఖు తీసుకున్నారు, రెండుసార్లూ మార్చారు. తిరిగి వచ్చేటప్పుడు కారు ఎవరు నడుపుతారు అంటారు. పోయిన వారం స్వరూప భర్త తాను సెలవు పెట్టి తీసుకెళతానన్నాడు. "సైట్ పని ఒత్తిడిగా ఉంది, ఇది అవ్వనీ," అన్నారు ఈయన.

ఇంకా వెళ్ళలేదు.